లైసెన్సు ఆగితే సేద్యం కూడా ఆగాలా?

డ్రైవింగ్ లైసెన్సు మూడు నెలలు ఆపారంటే ఎవరికైనా మూడు నెలలే. చట్టం లెక్క అది. సేద్యం లెక్క వేరు. ఆగస్టులో పోయిన మూడు నెలలు, ఫిబ్రవరిలో పోయిన మూడు నెలలు ఒకటి కావు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కనిగిరి, పామూరు, వెలిగండ్ల, పెదచెర్లోపల్లి, హనుమంతునిపాడు, చంద్రశేఖరపురం మండలాల్లో రైతు కుటుంబానికి బండి లేకపోతే పొద్దు గడవదు. మిరప కోతలు, కల్లం, టిక్కీలు గుంటూరు యార్డుకు వేయడం, పొగాకు బేళ్లు వేలం కేంద్రానికి చేర్చడం, అన్నీ ఆ నెలల్లోనే మీద పడతాయి. ఆ సమయంలో ఇంట్లో ఉన్న ఒక్క లైసెన్సు ఆగిందంటే ఏడాది కష్టం కల్లంలో ఆగినట్టే.

ఈ విషయం మన సంఘంలో పెద్దగా చర్చకు రాలేదు. గిట్టుబాటు ధర, కౌలు కార్డులు, పంటల బీమా, వెలిగొండ నీళ్లు, వీటి పక్కన లైసెన్సు చిన్న సంగతిగా కనిపిస్తుంది. పైగా తాగి దొరికినవాడి గురించి, హెల్మెట్ లేకుండా పట్టుబడ్డవాడి గురించి సంఘం ఎందుకు మాట్లాడాలి అన్న మొహమాటం కూడా ఉంది. ఆ మొహమాటం పక్కనపెట్టి మాట్లాడుకోవాలి. తప్పు చేసినవాడికి శిక్ష ఉండాల్సిందే. ఆ శిక్ష ఎక్కడ తగలాలి, ఎంతవరకు తగలాలి అన్నదే మన ప్రశ్న.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. 2019లో దాన్ని గట్టిగా సవరించారు. లైసెన్సు ఆగడానికి అందులో రెండు దారులున్నాయి. ఒకటి రవాణా శాఖ, రెండోది కోర్టు.

రవాణా శాఖ దారి 19వ సెక్షన్. అతివేగం, ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం, హెల్మెట్ లేకపోవడం, మోటారు సైకిల్ మీద ముగ్గురు ఎక్కడం వంటి వాటిలో దొరికితే పోలీసులు లైసెన్సు తీసుకుని రవాణా అధికారికి పంపుతారు. ఆ అధికారి మన మాట విన్నాక వదిలేయవచ్చు. లేదంటే మొదటిసారికి మూడు నెలలు ఆపుతారు. మళ్లీ దొరికితే రద్దు చేస్తారు. హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల చలానాతో పోతుందని మనలో చాలామంది అనుకుంటారు. చట్టంలో ఆ వెయ్యి రూపాయల పక్కనే మూడు నెలల అనర్హత కూడా రాసి ఉంది. దీనికి ముందే 2015 ఆగస్టులో సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ రాష్ట్రాలకు మరో మాట చెప్పింది. అతివేగం, ఎర్ర లైటు దాటడం, సరుకు బండ్లలో అధిక బరువు, సరుకు బండ్లలో మనుషుల్ని ఎక్కించడం, తాగి నడపడం, ఫోన్ మాట్లాడుతూ నడపడం, ఈ ఆరింటికీ కనీసం మూడు నెలలు లైసెన్సు ఆపమంది.

రెండోది కోర్టు దారి. తాగి నడిపిన కేసులో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే నేరం. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. శిక్షతో పాటు 20వ సెక్షన్ కింద కనీసం ఆరు నెలల అనర్హత కోర్టు విధించాల్సిందే. ఇదే నేరానికి రెండోసారి శిక్ష పడితే లైసెన్సు రద్దే.

ఇక ఇది పొలం మీదికి ఎలా వస్తుందో చూడండి. మోటారు సైకిల్‌కూ ట్రాక్టరుకూ మనకు ఉండేది ఒకే కార్డు. పురుగుమందుల కొట్టుకని హెల్మెట్ లేకుండా బజారుకు వెళ్లిన రైతు దొరికాడు. తప్పు జరిగింది మోటారు సైకిల్ మీద. అధికారి కార్డు మొత్తాన్ని మూడు నెలలు ఆపితే ట్రాక్టరు కూడా ఆగుతుంది. ఆ రైతు ట్రాక్టరు మీద ఏ తప్పూ చేయలేదు. అయినా టిక్కీలు కల్లంలోనే ఉంటాయి. ఈలోపు అకాల వాన పడిందంటే ఎర్రకాయ కాస్తా తాలుకాయ అవుతుంది. వెయ్యి రూపాయల తప్పుకు ఎన్ని వేల రూపాయల శిక్ష పడిందో ఏ చలానాలోనూ కనపడదు.

ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉండాలి. లైసెన్సు కావాల్సింది బహిరంగ ప్రదేశంలో బండి నడపడానికే. సొంత చేలో దుక్కి దున్నడం దాని కిందికి రాదు. కానీ ట్రాక్టరు ఇంటి దగ్గర నుంచి చేలోకి ఎగిరి వెళ్లదు కదా. జనానికి నడిచే హక్కున్న ప్రతి దారీ బహిరంగ ప్రదేశమే అని చట్టం చెబుతుంది. ఊరి డొంక కూడా అందులోకే వస్తుంది. గట్టు దాటి డొంకలోకి చక్రం దిగిన క్షణం నుంచి లైసెన్సు కావాలి.

లైసెన్సు ఆగిన రైతు అప్పుడు ఏం చేస్తాడు? పెద్ద కమతం ఉన్నవాడు డ్రైవర్ని పెట్టుకుంటాడు. అతనికి ఇది నాలుగు రోజుల చికాకు. మూడెకరాలు కౌలుకు తీసుకుని, ఫైనాన్సు మీద ట్రాక్టరు కొని, దాని కిస్తీ కోసం నలుగురి పొలాలు దున్నిపెట్టేవాడికి కోతల కాలంలో డ్రైవరు దొరకడు, దొరికినా కూలి కట్టలేడు. అతనికి మూడు దారులే మిగులుతాయి. పని మానేయాలి. లేదా లైసెన్సు లేకుండానే నడపాలి. లేదా కొడుక్కి తాళాలు ఇవ్వాలి. మొదటిది చేయలేక రెండోదో మూడోదో చేస్తాడు.

ఆ రెండు దారుల్లోనూ ఎంత పెద్ద గొయ్యి ఉందో తెలుసుకోవాలి. అనర్హత ఉన్న కాలంలో నడిపి దొరికితే 182వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పద్దెనిమిది నిండని కొడుక్కి బండి ఇస్తే తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ బీమా దగ్గర తగులుతుంది. అనర్హుడు నడిపినప్పుడు ప్రమాదం జరిగితే బీమా కంపెనీ తన బాధ్యత కాదని వాదించవచ్చు. బాధితులకు ముందు కంపెనీ చేత కట్టించి, ఆ సొమ్మును బండి యజమాని నుంచి వసూలు చేసుకోమని కోర్టులు ఆదేశించవచ్చు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని వివరించింది. ఒక ప్రాణానికి పరిహారం లక్షల్లో ఉంటుంది. రైతు దగ్గర వసూలు చేయడానికి ఉన్నది పొలం ఒక్కటే.

అంటే మూడు నెలల అనర్హత రోడ్డు మీద ప్రమాదాన్ని తగ్గించాలని పెట్టినది. ఆచరణలో అది చిన్న రైతును లైసెన్సూ బీమా రెండూ లేని డ్రైవరుగా మార్చి అదే రోడ్డు మీదికి తోస్తోంది. దీనివల్ల రోడ్డు మీద నడిచే మనిషికి రక్షణ పెరగలేదు, తగ్గింది.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే సంఘం సగం నిజమే చెప్పినట్టు. మిగతా సగం రాపర్లలో ఉంది. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కోతలకు వెళ్లి తిరిగి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొంది. తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లు మన కాయ కోసినవాళ్లు. ట్రక్కులో కూలీల్ని ఎక్కించడం మన ప్రాంతంలో ఎవరికీ తప్పుగా తోచదు. తెల్లవారుజామున ముఠా మేస్త్రి ఫోన్ చేస్తే ట్రక్కు పంపడం, సాయంత్రం ముప్పై మందిని నిలబెట్టి తీసుకురావడం మామూలైపోయింది. తిరగబడినప్పుడు కింద పడేది ఆడకూలీలే. వాళ్లకు పొలం లేదు, వాళ్ల పేరు మీద బీమా లేదు. రైతు సంఘం రైతు లైసెన్సు గురించే మాట్లాడి ట్రక్కులో నిలబడ్డ మనిషి ప్రాణం గురించి మాట్లాడకపోతే మన మాటకు విలువ ఉండదు.

అందుకే అందరికీ మాఫీ కావాలని మనం అడగకూడదు. తాగి నడిపి మనిషిని గుద్దినవాడికి, రెండోసారి తాగి దొరికినవాడికి, కూలీల్ని ట్రక్కులో కుక్కి తీసుకెళ్లినవాడికి లైసెన్సు పూర్తిగా ఆగాల్సిందే. మనం మాట్లాడేది మిగతావాళ్ల గురించి. మొదటిసారి తప్పు చేసి, ఎవరికీ దెబ్బ తగలకుండా దొరికి, ఆ బండి లేకపోతే ఇల్లు గడవనివాళ్ల గురించి.

వాళ్ల కోసం చట్టంలో ఒక చిన్న సందు ఇప్పటికే ఉంది. దాన్ని మనం వాడుకోవడం లేదు. 19వ సెక్షన్‌లో అధికారికైనా, 20వ సెక్షన్‌లో కోర్టుకైనా ఇచ్చిన అధికారం ‘అన్ని తరగతుల వాహనాలు’ నడపకుండా ఆపడానికి మాత్రమే పరిమితం కాదు. ‘ఏదైనా ఒక తరగతి వాహనం’ నడపకుండా ఆపే అధికారం కూడా అక్కడే రాసి ఉంది. అనర్హత ఉత్తర్వులో చెప్పిన మేరకే లైసెన్సు పనిచేయకుండా పోతుందని 23వ సెక్షన్ చెబుతుంది. అంటే మోటారు సైకిల్ మీద చేసిన తప్పుకు మోటారు సైకిల్ వరకే ఆపి, ట్రాక్టరును వదిలేసే వీలు ఈ రోజే ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు. అడిగేవాడు కావాలి, ఆ సెక్షన్ చదివి రాసే అధికారి కావాలి.

ఈ సందు మరీ ఇరుకుది. ట్రాక్టరు మీదే తప్పు చేసిన రైతుకు, టాటా ఏస్ నడిపి బతికే డ్రైవరుకు ఇది పనికిరాదు. పని కోసం మాత్రమే, పగటిపూట మాత్రమే, ఫలానా దారిలో మాత్రమే నడుపుకోవచ్చనే లైసెన్సు మన చట్టంలో లేదు. వేరే దేశాల్లో ఉంది. న్యూజిలాండ్‌లో దాన్ని పరిమిత లైసెన్సు అంటారు. లైసెన్సు పోవడం వల్ల తనకు తీవ్రమైన ఇబ్బంది కలుగుతుందని, లేదా తన మీద ఆధారపడ్డ ఇంకొకరికి అన్యాయమైన కష్టం వస్తుందని కోర్టులో రుజువు చేసుకోవాలి. అయినా మొదటి 28 రోజులు బండి ముట్టుకోవడానికి వీల్లేదు. ఆ తర్వాత ఏ పనికి, ఏ సమయంలో నడపాలో కోర్టు రాసి ఇస్తుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో తాగి దొరికినవాళ్లు శిక్ష వేసే రోజునే పని లైసెన్సు అడగాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 150 మిల్లీగ్రాములకు చేరితే ఇవ్వరు. గత ఐదేళ్లలో అదే తప్పు చేసినవాడికీ ఇవ్వరు. అమెరికాలోనూ చాలా రాష్ట్రాల్లో ఇలాంటివి ఉన్నాయి. ఆ దేశాలు తాగి నడిపేవాళ్లను ముద్దు చేసేవి కావు. శిక్ష పడ్డ మనిషి బతుకు నిలబడితేనే అతను చట్టం లోపల ఉంటాడని అనుభవంతో తెలుసుకున్నాయి.

మన రాష్ట్రంలో ఇది సాధ్యమేనా? సాధ్యమే. మోటారు వాహనాలు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. పార్లమెంటు సవరించవచ్చు. రాష్ట్ర శాసనసభ కూడా సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదానికి పంపవచ్చు. అందుకని సంఘం ఈ డిమాండ్లు పెట్టాలని నా అభిప్రాయం.

ఒకటి, ఒక తరగతి వాహనం మీద చేసిన మొదటి తప్పుకు ఆ తరగతి వరకే అనర్హత విధించాలని రవాణా శాఖ తన అధికారులకు రాతపూర్వకంగా చెప్పాలి.

రెండు, మొదటిసారి తప్పు చేసి, ఎవరికీ గాయం చేయనివాళ్లకు పని లైసెన్సు ఇచ్చేలా చట్టం మార్చాలి. బండి నంబరు, పగటి గంటలు, ఊరు నుంచి చేనుకు, యార్డుకు, వేలం కేంద్రానికి వెళ్లే దారి దానిమీద రాసి ఉండాలి. తాగి దొరికిన కేసు అయితే మొదటి నెల పూర్తిగా ఆగాకే ఇవ్వాలి. షరతు ఒక్కసారి తప్పినా లైసెన్సు రద్దు కావాలి.

మూడు, ఇది పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడికే పరిమితం కాకూడదు. పంట సాగుదారు హక్కుల కార్డు ఉన్న కౌలు రైతుకు, ఈ-క్రాప్‌లో పేరున్నవాడికి, జీతానికి ట్రాక్టరు నడిపే డ్రైవరుకు కూడా వర్తించాలి. ఎక్కువ లోడు వేయించింది యజమాని అయితే జీతగాడి లైసెన్సు ఒక్కటే పోవడం న్యాయం కాదు. ఆ యజమాని మీద కూడా కేసు ఉండాలి.

నాలుగు, నోటీసు, ఉత్తర్వు తెలుగులో ఇవ్వాలి. విచారణ దగ్గరలో పెట్టాలి. కనిగిరి నుంచి ఒంగోలు సుమారు 80 కిలోమీటర్లు. లైసెన్సు లాక్కుని, దాని గురించి చెప్పుకోవడానికి అంత దూరం రమ్మనడం కూడా ఒక శిక్షే.

అయిదు, కోతల కాలంలో కూలీల ముఠాల కోసం ఊళ్ల నుంచి పొలాలకు ఆర్టీసీ బస్సులు నడపాలి. ట్రక్కులు ఆపమనడం తేలిక. బదులు చూపించడం ప్రభుత్వ బాధ్యత.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. పని లైసెన్సు పెడితే ప్రతివాడూ రైతునని వస్తాడంటారు. ఈ-క్రాప్‌లో పంట, సర్వే నంబరు, సాగుదారు పేరు ఉంటాయి, సరిచూడటం కష్టం కాదు. దళారులు కొత్త రేటు పెడతారంటారు. ఆ భయం నిజమే. అందుకే ఎవరికి ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో కారణాలతో బహిరంగంగా పెట్టాలని కూడా అడగాలి. తాగినవాడికి ఇంకో అవకాశం ఎందుకని ఇంట్లో ఆడవాళ్లే అడుగుతారు. ఆ ప్రశ్న అడిగే హక్కు అందరికన్నా వాళ్లకే ఎక్కువ ఉంది. మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడి రాష్ట్రాన్నే కదిలించారు. వాళ్లకు నా జవాబు ఒక్కటే. తాగినందుకు పడే శిక్ష తాగినవాడి మీద పడాలి. కల్లంలో కాయ తాలైపోతే ఆ అప్పు మోసేది ఆ ఇంటి ఆడమనిషే. అలాగని సంఘం ఊళ్లో బెల్టు షాపు గురించి నోరు మూసుకుంటే ఈ జవాబు చెప్పే అర్హత మనకు ఉండదు.

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. నోటీసు వస్తే విచారణకు తప్పకుండా వెళ్లండి. వెళ్లకపోతే మన మాట వినకుండానే ఉత్తర్వు రావచ్చు. ఏ తరగతి వాహనం మీద తప్పు జరిగిందో, ఏ వాహనం లేకపోతే పంట ఆగుతుందో కాగితం మీద రాసి, ఈ-క్రాప్ నకలు, ట్రాక్టరు ఆర్సీ జతచేసి ఇచ్చి, రసీదు తీసుకోండి. ఒక్క తరగతికే పరిమితం చేయమని 19వ సెక్షన్ పేరు చెప్పి అడగండి. అధికారి ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు. కోర్టు అనర్హత విధిస్తే అప్పీలు వేసినంత మాత్రాన అది ఆగదు, ఆపమని పై కోర్టు చెప్పాలి. అనర్హత ఆరు నెలలకు మించి ఉంటే, ఆరు నెలలు గడిచాక దాన్ని తీసేయమనో మార్చమనో 23వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉత్తర్వు అమల్లో ఉన్నంతకాలం మాత్రం దయచేసి స్టీరింగ్ పట్టవద్దు. ఎవరూ చూడరులే అనుకునే డొంకలోనే పొలం పోయేంత ప్రమాదం జరుగుతుంది.

గ్రామ కమిటీలు రెండు పనులు వెంటనే చేయవచ్చు. ఊళ్లో లైసెన్సు ఉన్నవాళ్ల జాబితా రాసుకుని, ఎవరి లైసెన్సు ఆగినా వంతులవారీగా వాళ్ల టిక్కీలు, బేళ్లు చేర్చే ఏర్పాటు చేయండి. దుక్కికి ఒకరికొకరు బదులు వెళ్లడం మనకు కొత్తేమీ కాదు, ఇదీ అలాంటిదే. రెండోది, ఈ కోతల కాలంలో మన సభ్యులెవరూ కూలీల్ని ట్రక్కులో ఎక్కించకూడదని గ్రామసభలో తీర్మానం చేయండి. నలుగురు రైతులు కలిస్తే ముఠాకు ఒక ఆటో, ఒక మినీ బస్సు మాట్లాడుకోవచ్చు. ఆ ఖర్చు ఎకరాకు ఎంత పడుతుందో లెక్క వేసి మండల కమిటీకి పంపండి. బస్సుల డిమాండు పెట్టేటప్పుడు ఆ లెక్కే మనకు బలం.

వచ్చే మండల మహాసభల్లో ఈ అయిదు డిమాండ్లు చర్చకు పెట్టాలి. వ్యతిరేకించేవాళ్లు ఉంటే వాళ్ల మాటా వినాలి. ట్రక్కు దిగిన కూలీ ఆడవాళ్లను ఆ సభకు పిలిచి వాళ్ల చేత కూడా మాట్లాడించాలి. వాళ్ల భద్రతకు, చిన్న రైతు బతుక్కు ఒకేసారి పూచీ పడే తీర్మానం అయితేనే దాన్ని తీసుకుని కలెక్టరు దగ్గరికి వెళ్దాం.